అంగటి బండిలో పసిబిడ్డ

బిడ్డలను గూర్చి తల్లి పడవలసిన జాగ్రత్త కాలమును బట్టి మారుచుండును. మన అవ్వల కాలమున నూయి, పొయ్యి, వీథి గుమ్మము అను మూడింటికి బిడ్డను దూరముగా నుంచినచో తల్లికి సగము బెంగ తీరెడిది. నేడు నూతులు పూడిపోయినవి; పొయ్యి గట్టుపైకెక్కినది. కాని క్రొత్త వస్తువులు వాడుకలోనికి వచ్చినకొలది క్రొత్త అపాయములును వాని వెంట వచ్చుచున్నవి. అట్టివానిలో నొకదానిని గూర్చి మా పాఠక సోదరీమణులతో ముచ్చటింపదలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము. అది పెద్ద అంగళ్లలో సరకులు వేసికొని త్రోసికొనిపోవు చక్రముల బండి. మన ఊరివారందఱును దానిని ట్రాలీ యనియే పిలుచుచున్నారు గనుక మేమును అట్లే పిలిచెదము.

ఒక నెల మొదటి ఆదివారమున, సాయంకాలము, వెచ్చములకై మేము దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతమందలి యొక పెద్ద అంగడికి పోయితిమి. ఆ అంగడి పేరు చెప్పము. అచ్చట జరిగినది ఏ అంగడిలోనైనను జరుగగలదు. జీతములు చేతికి వచ్చిన వారమగుటచే లోపల కాలు పెట్టుటకు చోటు లేదు. మా ముందొక చిన్నవయసు తల్లి ట్రాలీని త్రోసికొనుచు పోవుచుండెను. ఐదేండ్ల ఆడపిల్ల ఆమె కొంగు పట్టుకొని నడచుచుండెను. ఏడాదిన్నర బాలుడు బుట్టలో, బియ్యపు సంచిపై నిలుచుండి, తీగల అంచును పట్టుకొని ఆడుచుండెను. ఆ తల్లి క్రింది అరలోని కందిపప్పు పొట్లము కొఱకు వంగెను. బాలుడు ఎదుటి అరలోని ఎఱ్ఱని బిస్కట్ల పొట్లమునకై చేయి చాచెను. అందలేదు. మఱికొంచెము వంగెను. అంతే, తల క్రిందుగా అంచు దాటి జారెను. సబ్బులు సర్దుచున్న అంగడి పనిపిల్ల యొకతె, ఎట్లు చూచెనో గాని, ఒక్క అంగలో వచ్చి వాని చొక్కా పట్టుకొనెను. బిడ్డకు దెబ్బ తగులలేదు.

తరువాత జరిగినదే మా మనస్సును ఎక్కువ నొప్పించినది. చుట్టుమూగినవారందఱును ఆ తల్లిమీద పడిరి. "ఏమమ్మా, పిల్లగాణ్ణి చూసుకోవద్దా?" అని యొకరు, "ఇంట్ల వదిలిపెట్టి రావాలె గాని" అని మఱియొకరు. ఆమె బిడ్డను ఱొమ్మునకు హత్తుకొని, కన్నీరు తుడుచుకొనుచు, "ఇంట్ల ఎవరూ లేరమ్మా. ఎవరికి అప్పజెప్పి రావాలె?" అని అడిగెను. ఆ ప్రశ్నకు ఎవరును బదులు చెప్పలేదు. మేమును చెప్పలేదు. చెప్పుటకు మాకు మొగము లేదు. ఏలయన, రెండేండ్ల క్రిందట మా మనుమనికి ముచ్చటగా నుండునని అట్టి బుట్టలోనే నిలువబెట్టి అంగడియంతయు త్రిప్పినవారము మేమే.

ఇంటికి వచ్చిన పిదప ఆమె ప్రశ్నయే మా చెవిలో మ్రోగుచుండెను. బిడ్డను ఎవరికప్పగించి రావలెను? వెంట తెచ్చినచో ఎచ్చట నుంచవలెను? ఈ రెండింటికిని బదులు వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చంక నుండి బుట్టలోనికి

పాత కిరాణా దుకాణమును జ్ఞాపకము చేసికొనుడు. తల్లి బిడ్డను చంకనెత్తుకొని వాకిట నిలుచుండెడిది. చీటీ చదివిన చాలును. పప్పు తూచువాడు, చక్కెర పొట్లము కట్టువాడు, నూనె కొలుచువాడు, అందఱును లోపలనే యుండిరి. ఆమెకు ఒక చేయి బిడ్డకు, ఒక చేయి సంచికి. దుకాణదారుడు బిడ్డ చేతిలో నొక బెల్లపు ముక్క పెట్టి పంపెడివాడు. మన సరూర్‌నగర్ సందులలో నేటికిని అట్టి దుకాణములు పెక్కులు గలవు.

క్రొత్త అంగడిలో ఆ పని యంతయు కొనువారిపై పడినది. వెదకుట, చూచుట, తీయుట, మోయుట, అన్నియు మనమే చేయవలెను. ఈ పద్ధతికి నాంది అమెరికా దేశమున మెంఫిస్ నగరములో 1916లో జరిగినది. క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు పిగ్లీ విగ్లీ అను పేర నొక అంగడి తెరచి, కొనువారే లోనికి వచ్చి తమకు వలసిన వస్తువులను తీసికొను ఏర్పాటు చేసెను. మొదట జనులు చేతిబుట్టలు పట్టుకొని తిరిగెడివారు. బుట్ట బరువెక్కగానే కొనుట మానెడివారు. ఇది చూచి ఓక్లహోమా నగరమున సిల్వన్ గోల్డ్‌మన్ అను మఱియొక వర్తకుడు 1937లో, మడత కుర్చీని చూచి యోచన తోచగా, దానికి చక్రములు బిగించి రెండు బుట్టలు తగిలించి మొదటి ట్రాలీని చేయించెను.

ఇచ్చట సోదరీమణులు వినదగిన ముచ్చట యొకటి కలదు. ఆ బండిని మొదట స్త్రీలు ముట్టలేదట. బిడ్డల బండ్లను త్రోసి త్రోసి విసిగితిమి, ఇక అంగడిలోను బండి త్రోయవలెనా యని వారు త్రోసిపుచ్చిరట. అప్పుడు గోల్డ్‌మన్ కూలి యిచ్చి కొందఱిని పిలిపించి, కొనువారివలె బండ్లు త్రోయుచు అంగడిలో తిరుగుడని చెప్పెనట. వారిని చూచి తక్కినవారును పట్టిరి. 1946లో కాన్సస్ నగరమున ఓర్లా వాట్సన్ అను నతడు ఒకదానిలో నొకటి దూరి నిలుచు బండిని కనిపెట్టెను. నేడు అంగడి వాకిట బారులు తీరి నిలుచునవి ఆ జాతివే. పిడి దగ్గఱ మడత విప్పి బిడ్డను కూర్చుండబెట్టు పీట తరువాత చేరినది.

ఈ కథ వలన తెలియునదేమి? ఈ బండి పుట్టినది సరకు కొఱకు. మనము ఎక్కువ కొనవలెననియే దీనిని చేసిరి. బిడ్డ కొఱకు దీనిని చేయలేదు. బిడ్డ పీట తరువాత అతికించినది.

మన హైదరాబాదున బిగ్ బజారు మొదటి అంగడి 2001లో తెరచిరి. 2022 నాటికి ఆ పేరు మాసిపోయినను, అట్టి పద్ధతి మాత్రము మాసిపోలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వఱకు దారి పొడవున, చైతన్యపురిలో, కొత్తపేటలో, చిన్నవియు పెద్దవియు ఎన్నియో అంగళ్లు వెలసినవి. 2018లో మెట్రో రైలు ఎల్.బి.నగర్ వఱకు వచ్చిన తరువాత ఈ ప్రాంతమున కాపురములును పెరిగినవి. నల్లగొండ నుండియు, ఖమ్మము నుండియు, పాలమూరు నుండియు ఉద్యోగములకై, చదువులకై వచ్చినవారు సరూర్‌నగర్ చెఱువు చుట్టునుగల కాలనీలలో రెండేసి గదుల యిండ్లలో నుందురు. అత్త ఊరిలో, అమ్మ మఱియొక ఊరిలో. భర్త పనికి పోయినచో ఇంట మిగులునది తల్లియు బిడ్డలును. చేతులు రెండు, పనులు మూడు. అందుచేతనే బిడ్డ చంక దిగి తీగల బుట్టలోనికి ఎక్కినది. ఆ తల్లిని తిట్టినవారు ఈ లెక్కను చూడలేదు.

రైతుబజారులను 1999లో ఏర్పఱచిరి. మన సరూర్‌నగర్ రైతుబజారునకు పోయి చూచినచో ఈ భేదము స్పష్టముగా కనబడును. అచ్చట ట్రాలీలు లేవు. తల్లులు సంచి చేతను, బిడ్డను చంకను పెట్టుకొని తిరుగుచుందురు. చేయి లాగును, నడుము నొచ్చును, నిజమే. కాని బిడ్డ తల్లి ఒంటిని అంటిపెట్టుకొని యుండును. బిడ్డ వంగినచో తల్లి నడుమునకు తెలియును. ట్రాలీలోని బిడ్డ వంగినచో తల్లికి తెలియదు. ఉన్న భేదమంతయు ఇదియే.

బిడ్డ ఏల పడును?

పుట్టిన శిశువు పొడవులో సుమారు నాలుగవ వంతు తలయే. పెద్దవారిలో అది ఏడవ వంతో ఎనిమిదవ వంతో యగును. అనగా పసిబిడ్డ దేహమున బరువు మీదనే యున్నది. బిందె అంచుపై తలబరువైన గరిటె నిలిపినచో ఏమగునో, బుట్ట అంచుపై వంగిన బిడ్డకు నదియే యగును. చేతులు చాచి నేలను ఆనుకొను నేర్పు వానికి లేదు. కనుక ముందుగా నేలను తాకునది తల. ఆ నేలయు మట్టినేల కాదు; నున్నని రాతిపలకల గచ్చు.

ఇక బండి సంగతి. పీట పెద్దవారి నడుమెత్తున నుండును. బిడ్డ దానిపై నిలుచున్నచో దాని తల మన తలయెత్తునకు వచ్చును. బండికి పొడవెక్కువ, వెడల్పు తక్కువ. బుట్ట నిండా సరకున్నప్పుడు అడుగు బరువుచే కొంత నిలుకడగా నుండును. బుట్ట ఖాళీగా నుండి బిడ్డ యొక్కటియే పైన నున్నప్పుడు, లేక పెద్దపిల్ల ప్రక్క తీగలపై కాలు పెట్టి వ్రేలాడినప్పుడు, బండి ప్రక్కకు ఒరిగిపోవును. అప్పుడు బిడ్డతో పాటు ఇనుప బండియు మీద పడును.

ఇది ఊహించి చెప్పు మాట కాదు. అమెరికాలో ఒక వైద్య పరిశోధన 1990 నుండి 2011 వఱకు గల 22 సంవత్సరముల లెక్కలను పరిశీలించినది. ట్రాలీల వలన గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చిన 15 ఏండ్లలోపు బిడ్డల సంఖ్య సుమారు 5,30,000 అని తేలినది. అనగా ఏటికి 24,000 మంది. దినమునకు 66 మంది. వారిలో నూటికి 70 మంది బండినుండి పడినవారు. నూటికి 78 మందికి దెబ్బ తలకే తగిలినది. ఆ దేశమున 2004లో ట్రాలీలకు ఒక ప్రమాణమును ఏర్పఱచి, పీటకు బెల్టు ఉండవలెననిరి. ఐనను గాయములు తగ్గలేదు. బెల్టు ఉన్నంతమాత్రమున చాలదు, దానిని బిగింపవలెను. బిగించిన తరువాతను కన్ను వేసి యుంచవలెను. అచ్చటి పిల్లల వైద్యుల సంఘము 2006లో ఈ విషయమున నొక ప్రకటన చేసి, మంచి బండ్లు వచ్చువఱకు బిడ్డలను వానిలో ఎక్కింపకుండ వేఱు ఉపాయములు చూచుకొనుట మేలని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పినది.

అది అమెరికా మాట గదా యని కొందఱనవచ్చును. ఊరు వేఱైనను బండి యదే. బిడ్డ తల యదే. గచ్చు గట్టిదనమును అదే.

పాటింపవలసిన జాగ్రత్తలు

మొదటిది, వీలైనచో బిడ్డను బండిలో ఎక్కింపకుండుట. ఇంట మఱియొక పెద్ద యున్నచో బిడ్డను వారివద్ద విడిచిపోవలెను. ఇద్దఱు కలిసి పోయినచో ఒకరు బండిని, ఒకరు బిడ్డను పట్టవలెను. "నేను సరకులు చూతును, మీరు బిడ్డను చూడుడు" అని భర్తతో వాకిటనే మాట యనుకొనవలెను. ఇద్దఱును చూచుచున్నారను బిడ్డను ఒక్కొకసారి ఎవరును చూడరు. వెంట ఎవరును లేనప్పుడు నెలసరి బరువు సరకులను చీటీ వ్రాసి కిరాణా దుకాణము నుండి తెప్పించుకొనవచ్చును. లేక సెల్‌ఫోనులో కోరి ఇంటికే రప్పించుకొనవచ్చును. ఇది సోమరితనము కాదు.

రెండవది, బిడ్డను ఒంటికి కట్టుకొనుట. కూలిపనికి పోవు తల్లులు పాతచీరతో బిడ్డను కట్టుకొని దినమంతయు పని చేయుట మనమెఱుగుదుము. నేడు అదే పద్ధతిలో కుట్టిన సంచులు అంగళ్లలో దొరకుచున్నవి. గుడ్డతో కట్టినను, సంచిలో నుంచినను, బిడ్డ మొగము ఎల్లప్పుడు తల్లికి కనబడుచుండవలెను. ముక్కునకు గుడ్డ అడ్డు రాకూడదు. గడ్డము ఱొమ్మున ఆని మెడ ముడుచుకొనిపోకూడదు. క్రింది అర నుండి వస్తువు తీయునప్పుడు నడుము వంచక మోకాళ్లు వంచవలెను.

మూడవది, బండిలో నుంచక తప్పనప్పుడు పీటలోనే కూర్చుండబెట్టుట. ఆసరా లేకుండ తనంతట తాను చక్కగా కూర్చుండలేని శిశువును ఆ పీటలో పెట్టరాదు. సామాన్యముగా ఆరు నెలలు దాటువఱకు ఆ మాటయే తలపెట్టకుండుట మంచిది. బొంత పఱచి బుట్టలో పరుండబెట్టుట కొందఱు చేయుచున్నారు. అదియును కూడదు. పైనుండి ఒక డబ్బా జారినను, చింతపండు పొట్లము మొగముపై పడినను, ప్లాస్టిక్ సంచి ముక్కునకు అడ్డుపడినను ప్రాణాపాయము.

నాలుగవది, బండిని ఏఱుకొనుట. వాకిట బారులో మొదట చేతికందిన దానినే తీసికొనక, పీటయు బెల్టును సరిగా నున్నవో లేవో, బెల్టు కొక్కెము పడుచున్నదో లేదో చూడవలెను. నాలుగు చక్రములును తిరుగుచున్నవా? ఒక చక్రము మొరాయించు బండి ఒక్కసారి ఆగి బిడ్డను ముందునకు విసరును. తీగలు విఱిగి మొనలు తేలినవా? పిడిని తడిగుడ్డతో తుడువవలెను. వేయి చేతులు పట్టిన ఆ పిడినే బిడ్డ మొదట నోట పెట్టుకొనును.

ఐదవది, బెల్టును బిడ్డ నడుమునకు సరిపోవునట్లు బిగించి, కాళ్లను రెండు రంధ్రములలో నుండి క్రిందికి దించుట. కాళ్లు లోపల ముడుచుకొని కూర్చున్న బిడ్డ క్షణములో లేచి నిలుచును. పట్టీలు, మొలత్రాడు, చేతి గాజులు తీగలలో చిక్కుకొనును. ఎత్తునప్పుడును దించునప్పుడును వానిని చూచి నెమ్మదిగా తీయవలెను. తల్లి కొంగును, చున్నీని చక్రములలో పడకుండ నడుమున దోపుకొనవలెను.

ఆఱవది, పెద్దబుట్టలో నిలువబెట్టకుండుట, మోకాళ్లపై కూర్చుండనీయకుండుట. ముచ్చట యని మేము చేసిన తప్పు అదియే. పెద్దపిల్లను బండి ముందటి అంచుపై ఎక్కింపరాదు. అడుగు పలకపై కూర్చుండనీయరాదు. తమ్ముడున్న బండిని ఆమెచేత త్రోయింపరాదు. ఆమెకు వేఱొక పని యప్పగింపవలెను. "ఉప్పు ఎచ్చట నున్నదో చూడుము, సబ్బు నీవు పట్టుకొనుము" అనినచో ఐదేండ్ల పిల్ల ఎంతో బాధ్యతతో నడచును.

ఏడవది, బండికి చేయెడమైపోకుండుట. ఒక చేయి పిడిపైననో బిడ్డపైననో ఉండవలెను. క్రిందికి వంగవలసి వచ్చినచో బండిని మనకును అరకును నడుమ నిలిపికొనవలెను. ఐనను బిడ్డకు అర అందరానంత దూరముండవలెను. తూకము దగ్గఱ, బిల్లు గల్లా దగ్గఱ తల్లి చూపు సంచుల మీదను డబ్బుమీదను ఉండును. అప్పుడే బిడ్డకు విసుగు పుట్టి లేచును. డబ్బు తీయకముందే బిడ్డను ఎత్తుకొనుట మంచి అలవాటు.

ఎనిమిదవది, వాలును గూర్చి. కొన్ని అంగళ్లలో బండితో సహా పై అంతస్తునకు తీసికొనిపోవు వాలు కదలుబాటలు గలవు. సెల్లారులోని వాహనముల యొద్దకు దిగు ర్యాంపులు గలవు. ఈ రెండింటికిని ముందే బిడ్డను దించి ఎత్తుకొనవలెను. వెంట ఎవరును లేనప్పుడు లిఫ్టులో పోవలెను. వీథిలోనికి బండిని తేనే తేరాదు. మన దారులలో స్కూటర్ల నడుమ ఆ చిన్న చక్రములు నిలువవు.

తొమ్మిదవది అన్నింటికంటె సుళువైనది. బిడ్డ నిద్రవేళను, ఆకలివేళను తప్పించి పోవలెను. పాలు త్రాగి, నిద్రలేచి, హాయిగా నున్న బిడ్డ అరగంట కుదురుగా నుండును. ఆ అరగంటలోనే వచ్చునట్లు చీటీ వ్రాసికొని పోవలెను. ఆదివారపు సాయంకాలము కంటె వారములో నొక ఉదయము మేలు.

పడినచో ఏమి చేయవలెను?

ఎంత జాగ్రత్త పడినను ప్రమాదము జరిగినచో భయపడక నెమ్మదిగా చూడవలెను. బిడ్డ వెంటనే ఏడ్చెనా, కొంతసేపు స్మృతి తప్పెనా గమనింపవలెను. పడిన వేళను గుర్తుంచుకొనవలెను. మెడకు దెబ్బ తగిలెనని అనుమానమున్నచో బిడ్డను కదలింపక సాయము వచ్చువఱకు అట్లే యుంచవలెను. రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. మన ఇండ్లలో గాయముపై కాఫీపొడియు, పసుపును అద్దుట వాడుక. అది కూడదు, వైద్యునికి గాయము కనబడదు, మురికియు చేరును. వాచినచోట చల్లని తడిగుడ్డ వేయవచ్చును, గట్టిగా రుద్దరాదు. మత్తుగా నున్న బిడ్డ నోట నీరు పోయరాదు.

స్మృతి తప్పుట, మాటిమాటికి వాంతి యగుట, లేపినను లేవని మగత, మూర్ఛ, ఎంత ఎత్తుకొన్నను మానని ఏడుపు, పాలు త్రాగకుండుట, ఒక చేయియో కాలో ఆడకుండుట, చెవినుండి గాని ముక్కునుండి గాని రక్తమో నీరువంటిదో కారుట, పసిబిడ్డ మాడు ఉబ్బుట - ఇందులో ఏ యొక్కటి కనబడినను క్షణమాలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. 2005లో హైదరాబాదున ఆరంభమైన ఈ సేవకు రుసుము లేదు. ఏడాదిలోపు శిశువు అంత ఎత్తునుండి తలక్రిందుగా పడినచో, పైకి ఏమియు కనబడకపోయినను, వైద్యునికి చూపియే తీరవలెను. తక్కిన బిడ్డలను ఒక దినమైనను కనిపెట్టి యుండవలెను. నిద్రపోవనీయవచ్చును, నడుమ నడుమ లేపి, గుర్తు పట్టుచున్నదో లేదో చూడవలెను. ఇంట తిట్టుదురని భయపడి పడిన సంగతి దాచిపెట్టు కోడళ్లు గలరు. అట్లు దాచినచో బిడ్డకు నష్టము. ఇంటి పెద్దలును ఆ భయమును కలిగింపకుందురు గాక.

అంగడివారి ధర్మము

ఇంతవఱకు తల్లులకు చెప్పితిమి. అంతటితో నిలిపినచో ఆనాడు ఆ తల్లిని చుట్టుమూగినవారికిని మాకును భేదముండదు. మనము ఎక్కువ కొనవలెననియే బండి నిచ్చు అంగడివారు ఆ బండికి బెల్టు బిగింపలేరా? ఆ సాయంకాలము మేము వాకిట నిలిచి పది బండ్లను చూచితిమి. మూడింటికి మాత్రమే బెల్టు ఉన్నది. ఆ మూడింటిలో ఒకదానికి కొక్కెము లేదు.

ఈ విషయమున తల్లులు నోరు తెరచి అడుగవలెను. బెల్టులేని బండి యిచ్చినచో వేఱొకటి యిమ్మనవలెను. విఱిగిన బండిని బారునుండి తీసివేయుడని చెప్పవలెను. వాకిట నుండు ఫిర్యాదు పుస్తకమున వ్రాయవలెను. ఒకరు వ్రాసినచో చూడరేమో గాని, ఇరువది మంది వ్రాసినచో చూచెదరు. 2020లో అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, సేవ చేయువారి అజాగ్రత్త వలన కొనువారికి నష్టమో గాయమో కలిగినచో దానిని సేవాలోపముగా ఎంచుచున్నది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యపై ఫోను చేసి చెప్పుకొనవచ్చును. బెల్టు ఖరీదు అంగడివారికి ఎంత? ఒక పప్పు పొట్లము ఖరీదుండునేమో.

తరువాతి నెలలో మేము మఱల ఆ అంగడికి పోయితిమి. ఈసారి మధ్యాహ్నపు వేళ. బిడ్డను పట్టుకొన్న ఆ పనిపిల్లయే వాకిట ట్రాలీలను సర్దుచుండెను. బెల్టున్న బండ్లను ముందు వరుసకు తెచ్చి, లేనివానిని వెనుకకు త్రోయుచుండెను. ఎవరు చెప్పిరని అడిగితిమి. "ఎవరూ చెప్పలే అమ్మా. ఆ రోజు నా చేయి అందకపోతే ఏమయ్యేదో అని రెండు రాత్రులు నిద్ర పట్టలే" అనెను. ఆమెకును ఇంట ఏడాది బిడ్డ కలదట. తల్లి యొద్ద విడిచి పనికి వచ్చుచున్నదట.

అంగడి యజమానికి తోచని ఉపాయము ఆమెకు తోచినది. ఆనాడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు మాకు దొరకిన బదులును అదియే. బిడ్డను తల్లి యొక్కతెకే అప్పగించి తక్కినవారు తిట్టుటకు సిద్ధపడినంతకాలము బిడ్డలు పడుచునే యుందురు. భర్తయొక్క ఒక చేయి, అంగడివారి ఒక బెల్టు, ప్రక్కనున్న స్త్రీ యొక్క ఒక చూపు కలిసినచో తల్లికి లేని మూడవ చేయి ఏర్పడును. ఈసారి మీరు వెచ్చములకు పోయినప్పుడు, బుట్టలో నిలుచున్న బిడ్డ కనబడినచో తల్లిని గద్దింపకుడు. దగ్గఱకు పోయి, "నేను పట్టుకొందును, నీవు సరకు తీసికొనుమమ్మా" అనుడు.

మీ మీ ప్రాంతముల అంగళ్లలో బండ్లు ఎట్లున్నవో, పదింటిలో ఎన్నింటికి బెల్టులున్నవో లెక్కించి మాకు వ్రాసి పంపుడు. వచ్చు సంచికలలో ప్రచురింతుము.